ప్రకృతి – వికృతి

ఉద్యోగ విరమణ చేసిన తెలుగు పంతులు ఇంటికి మనుషులు సాధారణంగా రెండు పనుల మీద వస్తారు. ఒకటి పెండ్లిపత్రికలో అచ్చుతప్పులు దిద్దించుకోవడానికి, రెండు పుట్టిన బిడ్డకు పేరు వెదికించుకోవడానికి. మొన్న ఫాల్గుణమాసంలో మా ఇంటి మెట్లెక్కిన తండ్రీకూతుళ్ళు ఈ రెంటిలో దేనికీ రాలేదు. అమ్మాయి చేతిలో నాలుగు పుటల ఇంగ్లీషు దరఖాస్తు ఉంది. తండ్రి చంకలో ఒక రంజన్ ఉంది. రంజన్ అంటే ఎరుగనివారికి: ఎండకాలంలో మా తెలంగాణ ఇండ్ల వసారాల్లో ఇసుక మీద కూర్చుండే పెద్ద నీళ్ళకుండ.

"సార్, యాదికున్ననా?" అన్నాడు తండ్రి.

యాదికున్నాడు. మరచిపోవాలని ప్రయత్నించినా మరపునకు రాని విద్యార్థుల్లో అతడొకడు. అందుకు కారణం చివర చెబుతాను. చెప్పకుండా దాటవేయడానికి నాకు మనసొప్పడం లేదు.

దరఖాస్తు సంగతి ఇది. మట్టితో పనిచేసే నేటి కళాకారులను ఒక సంస్థవారు నెల రోజులు తమ వద్ద ఉంచుకుని, బస, భోజనం, మన్ను, బట్టీ అన్నీ సమకూర్చి, చివర వారి పనులను ప్రదర్శనకు పెడతారట. దీనిని రెసిడెన్సీ అంటారని అమ్మాయి చెప్పింది. డిగ్రీ చదివిన పిల్ల. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది గాని, తన్ను గురించి తాను ఆ భాషలో మూడు వందల మాటలు రాయమంటే కలం ముందుకు సాగదు. దరఖాస్తు అడిగినవి నాలుగు: మీ కళాదృక్పథం ఏమిటి, మీ పనుల ఛాయాచిత్రాలు పది, ఇంతవరకు పాల్గొన్న ప్రదర్శనలు, మిమ్ములను ఎరిగిన ఇద్దరి లేఖలు.

మూడవ ప్రశ్నకు తండ్రి అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. "ముప్ఫై ఏండ్ల సంది బజార్ల కుండలు వరుస వెట్టి కూసుంటున్న. గది ప్రదర్శన గాదా సార్?"

నేను జవాబు చెప్పలేకపోయాను.

మరునాడు వారింటికి వెళ్ళాను. ఉన్న ఊళ్ళోనే ముప్పై మూడేండ్లు పాఠాలు చెప్పి, ఘటం, కుంభం, కలశం అని పర్యాయపదాలు వల్లె వేయించినవాణ్ణి, కుమ్మరి ఇంటి వాకిలి తొక్కడం మాత్రం అదే మొదలు. చెరువు మన్ను తెచ్చి ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, సన్న ఇసుకో బూడిదో కలిపి కాళ్ళతో తొక్కుతారు. సారె మీద మూతి, మెడ లేస్తాయి. కుండ అడుగు మాత్రం సారె మీద పుట్టదు. కొంచెం ఆరిన తరువాత, లోపల ఒక చేత రాతిగుండు ఆనించి, వెలుపల చెక్కతో తట్టి తట్టి గుండ్రం చేస్తారు. ఆ తట్టుడు వింటూ ఉంటే పాల్కురికి సోమనాథుని బసవపురాణంలోని గుండయ్య గుర్తుకు వచ్చాడు. ఆ కుమ్మరి కుండల మీద దరువు వేస్తే సాక్షాత్తు శివుడే ఆడాడని కథ. ఎన్నోసార్లు తరగతిలో చెప్పాను. ఆ దరువు నిజానికి ఎట్లా ఉంటుందో అరవై దాటినాక విన్నాను.

వారి నోటి మాటలు ఒక్కొక్కటీ నిఘంటువులో పెట్టదగినవి. గురుగు, పటువ, అటిక, బాన, గోలెం, కాగు, మూకుడు, ప్రమిద. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క పేరు, ఒక్కొక్క పని. పెండ్లికి ఐరేని కుండలు వేరు. వాటిని డప్పులతో కుమ్మరి ఇంటికి వెళ్ళి, మర్యాద చేసి తెచ్చుకోవాలి. బోనానికి వేరే కుండ. ఏడాదిలో ఆ రెండు మూడు రోజులు ఊరంతా కుమ్మరి గడపకు వస్తుంది. తక్కిన రోజుల్లో స్టీలు బిందె, ప్లాస్టిక్ డ్రమ్ము, ఫ్రిజ్.

మా వైపు ఆడవారు మన్ను తొక్కుతారు, ఆరబెడతారు, ఆవానికి పిడకలు పేరుస్తారు, బజారుకు మోస్తారు. సారె ముందు కూర్చోవడం మాత్రం ఆనవాయితీ కాదు. మరి ఈ పిల్ల ఎట్లా నేర్చిందని అడిగాను. ఇంట్లో కరెంటు సారె వచ్చిందట. నాయనమ్మ గొణిగితే మనుమరాలు, "గది కట్టె సారెకు, నాయనమ్మా. కరెంటు సారెకు ఏ శాస్త్రం లేదు" అన్నదట. ముసలమ్మకు ఎదురుచెప్పడానికి దారి దొరకలేదు. ధర్మశాస్త్రాలకు వ్యాఖ్యానం చేసినవారు కూడా ఇంత సులువుగా తప్పించుకోలేదు.

ఆ అమ్మాయి కుండల మీద వేలిముద్రలు ఉంటాయి. మూతి నుంచి అడుగు దాకా వరుసలుగా, కొన్ని లోతుగా, కొన్ని మసక మసకగా. ఎందుకని అడిగాను.

"మా నాయిన చేతి గుర్తు లేకుంట నున్నగ జేస్తడు సార్. గుర్తుంటె ఖరాబ్ మాల్ అంటరు కొనేటోళ్ళు. నేను గుర్తు ఉంచుత. ఎవలు చేసిన్రో తెల్వాలె గద."

ఇంటికి వచ్చాక నాకు తోచిన రీతిలో ఈ రంగం గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ, ఈ పిల్ల ముందు రెండు ద్వారాలున్నాయనీ, వాటి మీద రెండు వేరు వేరు పేర్లు రాసి ఉన్నాయనీ తెలిసింది.

మొదటి ద్వారం మీద 'చేతివృత్తి' అని ఉంటుంది. 2018లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కుమ్మరుల కోసం కరెంటు సారెల పథకం పెట్టింది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కుమ్మరం ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, ఆపైన అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తరువాత రెండు లక్షల అప్పు. మంచిదే, కాదనను. ఈ ద్వారంలో మనిషికి పనిముట్టు దొరుకుతుంది. పేరు దొరకదు.

రెండవ ద్వారం మీద 'సెరామిక్ కళ' అని ఉంటుంది. దాని చరిత్ర గొప్పది. సర్దార్ గురుచరణ్ సింగ్ అనే ఆయన ఢిల్లీలో పఠాన్ కుమ్మరుల పని చూసి ఆకర్షితుడై, 1919లో జపాను వెళ్ళి ఈ విద్య నేర్చి, 1952లో ఢిల్లీ బ్లూ పాటరీని స్థాపించాడు. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అనే అమెరికా దంపతులు పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని నెలకొల్పారు. ఈనాటి పేరుగల స్టూడియో కళాకారులు అనేకులు అక్కడ తయారైనవారే. 2018లో జైపూరు జవహర్ కళాకేంద్రంలో మొదటి భారతీయ సెరామిక్స్ త్రైవార్షిక ప్రదర్శన జరిగింది. రెండవది 2024లో ఢిల్లీలో. ఇటలీలోని ఫాయెంజా పట్టణం 1938 నుంచి మట్టిపనులకు పోటీ పెడుతూ ఉన్నది. కొరియాలో 2001 నుంచి ద్వైవార్షిక ఉత్సవం ఉంది. ఈ ద్వారంలో పేరు దొరుకుతుంది. అయితే లోపలికి వెళ్ళడానికి ముందే ఇంగ్లీషు, ఛాయాచిత్రాలు, తన పనిని గురించి తాను మాట్లాడగల అలవాటు, ఇవన్నీ ఉండాలి.

మట్టిలో కూడా తేడా ఉంది. స్టూడియోవారి స్టోన్‌వేర్ 1200 డిగ్రీలు దాటి కాలుతుంది, గాజుపూతతో మెరుస్తుంది, చుక్క నీరు బయటికి పోనివ్వదు. పిడకలు, కట్టెలు, గడ్డి పేర్చి కాల్చే మన ఆవంలో అంత వేడి పుట్టదు. అందుచేతనే మన కుండకు సన్నని రంధ్రాలు మిగులుతాయి. వాటిగుండా నీరు చెమర్చి ఆవిరై, లోపలి నీటిని చల్లబరుస్తుంది. రంజన్ చెమర్చకపోతే నీళ్ళు చల్లబడవు. ఒకదానికి లోపమైనది మరొకదానికి ప్రాణం.

రెండు ద్వారాల నడుమ గోడ దాటినవారు లేకపోలేదు. బీహారు కుమ్మరి కుటుంబంలో పుట్టి, ముంబయి దగ్గర స్టూడియో పెట్టి, 2013లో పద్మశ్రీ అందుకున్న బ్రహ్మదేవ్ రామ్ పండిత్ అటువంటివాడు. ఆయన పేరు చూసి నేను కాసేపు ఆగిపోయాను. బీహారులో కుమ్మరులు తమ పేరు చివర 'పండిత్' అని పెట్టుకుంటారట! నేను నాలుగేళ్ళు ప్రాచ్య కళాశాలలో కూర్చుని సంపాదించుకున్న మాట అక్కడ కుమ్మరికి ఇంటిపేరు.

మా సిద్దిపేటలోనే మరొక ఉదాహరణ ఉన్నది. చిత్రకారులు కాపు రాజయ్యగారు (1925–2012) మన పల్లె బొమ్మల రంగునూ రేఖనూ దేశంలోని ప్రదర్శనశాలలకు తీసుకువెళ్ళారు. ఇప్పటి మా జిల్లాలోనిదే అయిన చేర్యాల నకాషీ బొమ్మను కళగా గుర్తించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. రంగు దాటిన గోడను మట్టి ఎందుకు దాటరాదు?

ఇక దరఖాస్తు. మొదటి ముసాయిదా తెలుగులో నేనే రాశాను. ధరిత్రి, మృత్తిక, సృజన, పంచభూతాలు, అన్నీ వచ్చి చేరాయి. ఆతుకూరి మొల్లను కూడా పిలిచాను. అమ్మాయి ఓపికగా చదివి, నవ్వు ఆపుకుంటూ, "సార్, గిది సదివితె నేనెవలో నాకే సమజైతలేదు" అన్నది.

నలభై ఏళ్ళ పాండిత్యం ఒక్క వాక్యంలో బట్టీ ఎక్కింది. కాగితం చింపి, తరువాత నాలుగు సాయంత్రాలు వారి వాకిట్లో నులకమంచం మీద కూర్చుని, ఆమె పని చేస్తూ చెప్పిన మాటలే రాసుకున్నాను. వేలిముద్రల మాట, నాయనమ్మ మాట, వాన పడి ఆవం ఆరిపోయిన ఏడాది మాట. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి దానిని ఇంగ్లీషు చేశాడు. మొదటి వాక్యంలో వాడు 'సెరామిక్ ఆర్టిస్టు' అని రాస్తే ఆమె కొట్టివేయించింది. 'నేను కుమ్మరిని' అన్న వాక్యంలో కుమ్మరి అన్న మాటను అనువదించకుండా అట్లాగే ఉంచమన్నది. ఇద్దరి లేఖలలో ఒకటి నేను రాశాను. 'ఈమెను ఎంతకాలంగా ఎరుగుదురు?' అన్న ప్రశ్నకు, 'తండ్రిని 1989 నుంచి, ఈమె పనిని నాలుగు సాయంత్రాల నుంచి' అని రాశాను. అది నిజం.

ఇప్పుడు ఆ 1989 సంగతి. అప్పుడు మాది మెదక్ జిల్లా. తొమ్మిదవ తరగతిలో ప్రకృతి–వికృతులు చెబుతూ నల్లబల్ల మీద 'కుంభకారుడు – కుమ్మరి' అని రాశాను. మొదటిది ప్రకృతి, రెండవది వికృతి అన్నాను. పిల్లలందరూ మూడవ వరుసలో ఉన్న ఒక్కనివైపు తిరిగారు. అతడు లేచి, "సార్, వికృతి అంటే ఖరాబా?" అని అడిగాడు. తరగతి గొల్లుమన్నది. నేను వారిని ఆపలేదు. నేను కూడా కొంచెం నవ్వాననే అనుమానం నన్ను ఈనాటికీ వదలలేదు. "వ్యాకరణంలో ప్రశ్నలు వేయరాదు, కూర్చో" అన్నాను. అతడు కూర్చున్నాడు. పదవ తరగతి తరువాత బడికి రాలేదు.

దరఖాస్తు పంపిన రోజు సాయంత్రం ఆ మాట ఎత్తి, అప్పుడు చెప్పవలసిన జవాబు ఇప్పుడు చెప్పాను. వికృతి అంటే చెడినది కాదు. ఊరంతా రోజూ పలికి పలికి, నోళ్ళలో అరిగి నునుపెక్కిన మాట. కుంభకారుణ్ణి ఎవరూ పిలవలేదు గనుక అతడు పుస్తకంలో చెక్కుచెదరకుండా ఉన్నాడు. కుమ్మరిని ఇంటింటా పిలిచారు. "నేను అప్పుడే చెప్పి ఉండవలసింది. తప్పు నాది" అన్నాను.

అతడు చాలాసేపు ఏమీ అనలేదు. సారె మీది మన్ను తడిగుడ్డతో కప్పి, "నాకు యాదికున్నది సార్. మీకు గూడ యాదికున్నదని తెల్వది" అన్నాడు.

దరఖాస్తుకు జవాబు ఇంకా రాలేదు. రాకపోవచ్చు కూడా. మిత్రులారా, ఈ టపా చదివిన మీలో అందరికీ తెలుగు వచ్చు, చాలమందికి ఇంగ్లీషూ వచ్చు. మీ ఊళ్ళోనూ ఒక కుమ్మరి వాకిలి ఉంటుంది. అందులో ఒక పిల్లో పిల్లవాడో ఉండవచ్చు. అవకాశాల ప్రకటన వారికి చేరవేయడం, వారి మాటను చెడగొట్టకుండా ఇంగ్లీషు చేయడం, రెండు గంటల పని. మాటను చెడగొట్టకుండా అని ఎందుకన్నానో, నా మొదటి ముసాయిదా గతి చూశారు గనుక వేరే చెప్పనక్కరలేదు.

రంజన్ మా వసారాలో చెమరుస్తూ ఉన్నది. దాని మూతి పక్కన ఒక బొటనవేలి ముద్ర ఉంది. ఇటు వచ్చినప్పుడు ఒక గ్లాసు నీళ్ళు తాగిపొండి.