బోఝ్ పడితేనే తెలుస్తుంది

అంబాసిడర్ బెహతరా, పద్మినీ బెహతరా? మా ఖాందాన్‌లో ఈ బహెస్ ముప్పై ఏళ్ల నాటిది. అబ్బాది అంబాసిడర్, మామూది ప్రీమియర్ పద్మినీ. ఇద్దరూ ఇప్పుడు లేరు. రెండు బండ్లూ కడపలో మా ఇంటి దగ్గరే ఉన్నాయి. షెడ్డులో ఒక్కటే పడుతుంది, రెండోది వానకు తడిసి తుప్పు పడుతోంది. ఒకటి అమ్మక తప్పదు. రెండూ నడిపినవాణ్ణి గనుక ఫైసలా నాకు వదిలేశారు.

ఇన్సాఫ్‌గా లెక్క చూద్దాం. రెండూ పరాయి నస్ల్ బండ్లే. అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్, పద్మినీకి ఇటలీ ఫియాట్ 1100. మా అంబాసిడర్ ఇంజన్ 1489 సీసీ, పద్మినీది 1089. అంబాసిడర్ బరువు 1100 కిలోలు దాటుతుంది, పద్మినీ 900 లోపే.

ఒక్కడివే నడిపితే పద్మినీదే మజా. గల్లీలో ఇట్టే తిరుగుతుంది, గేరు మార్చగానే ఉరుకుతుంది. అంబాసిడర్ అయితే మలుపులో పక్కకు ఒరుగుతుంది, ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ తిప్పాలంటే కుస్తీ పట్టినట్టే. బ్రేకు మాత్రం రెండింటికీ ముందు నుంచే తొక్కాలి, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. గేరు రాడ్ రెండింటికీ స్టీరింగ్ పక్కనే, అందుకే ముందు సీట్లో కూడా ముగ్గురం ఇరుక్కునేవాళ్లం.

కానీ మన ఇళ్లలో బండి ఖాళీగా నడిచిందెప్పుడు? రాయచోటిలో షాదీ అంటే పెద్దలు ఆరుగురు, ఒళ్లో పిల్లలు, డిక్కీలో సామాను. 450 కిలోలు అనుకోండి. పద్మినీకి అది తన బరువులో సగం, అంబాసిడర్‌కు ఐదింట రెండు వంతులు. ఆ ఫరక్ గువ్వలచెరువు ఘాట్‌లో బయటపడేది. పద్మినీ వెనక కమాను కట్టలు కుంగి, ముక్కు పైకి లేచి, స్టీరింగ్ తేలిపోయేది. మామూ రెండో గేరు దాటేవాడు కాదు. అంబాసిడర్ నిదానంగానే ఎక్కేది గానీ రొప్పేది కాదు. బోఝ్ పడ్డాకే దాని కమాన్లు మెత్తబడి, గుంతల్లో కుదుపు తగ్గేది. అబ్బా జీత్ గయే.

అయితే ఈ జవాబు ఆనాటి సవారీకి. చెల్లెళ్లు షాదీలై దూరం వెళ్లారు, నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఇప్పుడు బండెక్కేది అమ్మీ, తమ్ముడు, అదీ బజారుకో డాక్టరు దగ్గరికో. ఇద్దరికి, కడప గల్లీలకు పద్మినీయే సరైనది. నా ఫైసలా అదే చెప్పాను.

తమ్ముడు అబ్బా బండి మీద జిద్దు పట్టాడు. అమ్మీయే వాణ్ణి ఆపింది. “అమ్మెయ్ బేటా. అందరం ఎక్కిన బండి అది. ఖాళీ సీట్లు నేను చూడలేను.”

కొనేవాళ్ల కోసం చూస్తున్నాం. పెద్ద ఖాందాన్ ఉన్నవాళ్లు అడిగితే ధర కొంచెం తగ్గించమని తమ్ముడితో చెప్పాను.