మడ అడవిలో మా అత్తగారు

కాకినాడలో కాపురం పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఏటా చొల్లంగి అమావాస్యకి సముద్ర స్నానానికి వెళ్ళొస్తాం. యానాం బస్సులో ఎన్నిసార్లు ఆ రోడ్డున పోయానో లెక్కే లేదు. ఎడమ చేతి వైపు కోరింగ అభయారణ్యం అని బోర్డు, దాని వెనక ఒత్తుగా పచ్చటి చెట్లు. బస్సు దిగి ఒక్కసారైనా లోపలికెళ్ళి చూద్దామని అనిపించలేదు. పక్కింట్లో ఉన్నవాళ్ళ పేరైనా అడక్కుండా బతికేసినట్టే ఉంది కదూ!

పోయినేడు మా అబ్బాయి ఎనిమిదో తరగతిలోకి వచ్చాడు. ఫోనూ వాడూ ఒకటే ప్రాణం. ఆదివారం వచ్చిందంటే మంచం దిగడు. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకావిడ చెప్పింది, నెలకోసారి మడ అడవిలో నడక పెడుతున్నారు, పిల్లల్ని కూడా రానిస్తారు అని. రిటైరైన జువాలజీ మేష్టారు ఒకాయన, ఆ పక్క పల్లెలోని మత్స్యకారుల కుర్రాడు ఒకడు కలిసి చూపిస్తారట. రెండు గంటల నడక, ఆ తర్వాత అరగంట మేష్టారి కబుర్లు. వీడికి గాలైనా తగులుతుందని పేర్లిచ్చేశాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆ మాట చెప్పగానే మా అత్తగారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. "ఆ బురదలోకా? పిల్లాణ్ణి తీసుకుని?" అన్నారు. అంతే, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయారు.

ఆవిడ తమ్ముడు తుఫానులో పోయాడని నాకు తెలుసు. ఎక్కడ, ఎలా అన్నది తెలీదు. ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు, నేనూ అడగలేదు. మా వారినడిగితే, "అమ్మకిష్టం లేనప్పుడు ఎందుకులే" అని అటు తిరిగి పడుకున్నారు.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగానే ఉంది, నేను అబద్ధం ఆడాను. యానాంలో మా పిన్ని కూతురింటికి వెళ్తున్నామని చెప్పి, తెల్లవారుజామున ఇడ్లీలు వేసి హాట్‌ప్యాక్‌లో సర్ది, వాణ్ణి లేపి తీసుకెళ్ళాను.

అక్కడ నీటి మీదుగా చెక్కలతో బాట వేశారు. అడుగు బురదలో పెట్టక్కర్లేదు. రెండు పక్కలా చెట్లు తల మీదకి వంగి ఉంటాయి. పోటు తగ్గే వేళ చూసుకుని పిలిచారు మమ్మల్ని. రోజుకి రెండుసార్లు నీరొస్తుంది, రెండుసార్లు పోతుంది. ఆ వేళ రోజు రోజుకీ ఇంచుమించు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. నీరు పోయాక చూస్తే చెట్ల చుట్టూ నేలలోంచి వేలకొద్దీ పెన్సిళ్ళు గుచ్చి నిలబెట్టినట్టు వేళ్ళు! అవన్నీ మడ చెట్ల ఊపిరి వేళ్ళట. బురదలో గాలాడదు కాబట్టి వేళ్ళే పైకొచ్చి గాలి పీల్చుకుంటాయి.

కుర్రాడు ఒక మడ ఆకు తిప్పి చూపించి, దాని మీదున్న తెల్లటి పొడి వేలికద్ది నాలిక్కి రాసుకోమన్నాడు. ఉప్పు! వేళ్ళ ద్వారా వచ్చిన ఉప్పుని ఆకు బయటికి నెట్టేస్తుందట. పక్కనే ఇంకో చెట్టు చూపించి, దాన్ని మాత్రం ముట్టుకోవద్దన్నాడు. తిల్ల చెట్టు. దాని పాలు కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉందట. పిల్లలందరూ చటుక్కున చేతులు వెనక్కి పెట్టుకున్నారు.

నేనేమో ఆకుకీ ఫోటో, పీతకీ ఫోటో. ఒక పెద్ద చెయ్యి ఊపుతూ బురదలో తిరిగే బుల్లి ఎర్ర పీతలు, చేపై ఉండి నేల మీద గెంతే మడ్‌స్కిప్పర్లు, అన్నీ ఫోన్‌లోంచే చూస్తున్నాను. మా వాడు నా చెయ్యి గిల్లి, "అమ్మా, నన్ను ఫోన్ మానమని తీసుకొచ్చి నువ్వే చూస్తున్నావు" అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళకి వినపడేలా. ఫోన్ సంచీలో పడేశాను.

బావురు పిల్లి కనిపిస్తుందని వాడు ఆశపడ్డాడు. చేపలు పట్టుకు తినే పిల్లి, కాలి వేళ్ళ మధ్య కొంచెం పొర ఉంటుంది. రాత్రుళ్ళే ఎక్కువ తిరుగుతుంది కాబట్టి పగలు కనబడ్డం కష్టం. బురదలో దాని అడుగులు మాత్రం చూపించారు. వాడు బాట మీద బోర్లా పడుకుని అయిదు నిమిషాలు వాటినే చూస్తుండిపోయాడు.

నడకయ్యాక నీడన కూచోబెట్టి మేష్టారు అడిగారు, "ఇక్కడ పండుగప్ప ఎవరు బాగా వండుతారు?" నేను చెయ్యెత్తాను. "మండ పీతలు?" మళ్ళీ ఎత్తాను. "టైగర్ రొయ్యలు?" అందరూ నవ్వారు. "అయితే అమ్మా, మీరు ఇన్నేళ్ళుగా మడ అడవినే వండుతున్నారు" అన్నారాయన. ఆ పిల్లలన్నీ ఎదిగేది ఈ వేళ్ళ మధ్యేనట. రాలిన ఆకు కుళ్ళి పురుగులకి తిండి, పురుగులు పీతలకీ రొయ్య పిల్లలకీ తిండి, అవి చేపలకి. ఆ చేపలు మనకి. సినబ్బ పీత అంటే మా ఇంట్లో కొట్టుకుంటారు. గుడ్లున్న పీతని పట్టేస్తే రేపటి పీతలు ఎక్కణ్ణించొస్తాయని ఆయన ఒక్క మాటన్నారు. ఆ రోజు నించి బజార్లో గుడ్ల పీత చూస్తే చెయ్యి ఆగుతోంది. ఇంట్లో గొడవ మాత్రం ఇంకా ఆగలేదు.

ఇంటికొచ్చేసరికి దొరికిపోయాం. మా వాడి బూట్లకి బురద లేకపోయినా, చొక్కా ముందరంతా ఉంది. బోర్లా పడుకున్నాడు కదా! అత్తగారు ఆ చొక్కా బకెట్లో వేస్తూ వాసన చూశారు. నా వైపు తిరిగి, "యానాంలో మీ పిన్ని కూతురింట్లో మడ బురద ఉంటుందా అమ్మాయ్?" అన్నారు. అరిచినా బాగుండేది.

నాలుగు రోజులు మాట్లాడలేదు. కాఫీ ఇస్తే తాగేవారు, అంతే. అయిదో రోజు రాత్రి మా వారే నాకు మొత్తం చెప్పారు.

1996 నవంబరు 6. దీపావళి నాలుగు రోజులుందనగా వచ్చిన తుఫాను. మా అత్తగారి తమ్ముడికి అప్పటికి ముప్ఫై రెండేళ్ళు. గోదావరి పాయ ఒడ్డున కొత్తగా తవ్విన రొయ్యల చెరువు దగ్గర లెక్కలు రాసే ఉద్యోగం. పండక్కి వస్తూ మేనల్లుడికి మతాబాలు తెస్తానన్నాడట. ఆ మేనల్లుడే మా వారు. ఆ రాత్రి సముద్రం లోపలికొచ్చేసింది. మూడో రోజున, చెరువుకి దూరంగా, మడ వేళ్ళలో చిక్కుకుని దొరికాడు.

పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నాను, దీపావళికి అత్తగారు కాకరపువ్వొత్తి కూడా ముట్టుకోరు. నిప్పంటే భయమేమో అనుకుని, "ఏం కాదు అత్తయ్యగారూ, పట్టుకోండి" అని ఎన్నిసార్లు చేతిలో పెట్టబోయానో! ఆ రాత్రి అదంతా గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

పొద్దున్నే వెళ్ళి తప్పయిపోయిందని చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలూపారు. ఇంక వెళ్ళనులెండి అన్నాను. దానికి ఏమీ అనలేదు.

అన్నాను గానీ మనసు అటే పీకుతోంది. ఒక రోజు వంటింట్లో గోడ మీది కేలండర్ దగ్గర నిలబడి తిథులు చూస్తున్నాను. అమావాస్యకీ పున్నమికీ పోటు ముమ్మరంగా ఉంటుందని మేష్టారు చెప్పారు మరి. వెనక నించి అత్తగారి గొంతు వినబడింది. "అష్టమికి చూడకు. నీరు సగమే తీస్తుంది. వేళ్ళు మొదలంటా కనబడాలంటే అమావాస్య వెళ్ళిన విదియకి చూడు."

తిరిగి చూశాను. ఆవిడ పుట్టి పెరిగింది ఆ కాలవ గట్టునే. మాకు మేష్టారు చెప్పిన పాఠమంతా ఆవిడకి చిన్నప్పుడే వచ్చు. "అక్కడ ఇంకా చెట్లున్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాను. ఫోన్‌లో ఫోటోలు చూపించాను. ఒక్కొక్కటే చూస్తూ, ఇది తెల్ల మడ, ఇది నల్ల మడ, ఇది పొన్న అని పేర్లు చెప్పారు. నాకు ఫోటో తీయడమే తెలుసు, పేర్లు ఆవిడ దగ్గరున్నాయి.

రెండు నెలల తర్వాత ఆవిడే బయల్దేరారు. పిల్లాడి చెయ్యి పట్టుకుని బాట మీద మెల్లిగా నడిచారు. కర్ర రెయిలింగు వదల్లేదు. పైన గరుడ పక్షి తిరుగుతుంటే ఆగి చెంపలు వేసుకున్నారు. దూర్బీన్లు పట్టుకున్న కాలేజీ పిల్లలు చూసి, వాళ్ళూ వేసుకున్నారు.

ఆ రోజు మేష్టారి కబుర్లు తుఫానుల గురించి. ముందే తెలిసుంటే తీసుకెళ్ళేదాన్ని కాదు. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవట. ఇక్కణ్ణించి ఓడలెక్కి రంగం వెళ్ళేవారు మనవాళ్ళు, అందుకే బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలనేవారట. 1839 నవంబరు తుఫాను ఆ రేవుని తుడిచిపెట్టేసింది. ఇప్పుడు కాకినాడకి అడ్డుగా ఉన్న హోప్ ఐలండ్ ఇసుక దిబ్బ గురించీ, మడ అడవి అల జోరుని ఎలా విరుస్తుందో దాని గురించీ చెప్పారు. ఈ అడవిని 1978లో అభయారణ్యం చేశారు. 235 చదరపు కిలోమీటర్లకి పైనే. ఆ గీత బయట ఉన్న మడలు చాలా చోట్ల రొయ్యల చెరువులయిపోయాయి. "1996 తుఫాను గుర్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారాయన.

నేను అత్తగారి వైపు చూడలేదు. ఆవిడే మాట్లాడారు. "మా తమ్ముడు పోయాడండి. అక్కడ మడ కొట్టేసే చెరువు తవ్వారు. జీతం వస్తోందని మేమందరం సంతోషించాం. ఆ మడే వాణ్ణి పట్టేసుకుందని ఇన్నేళ్ళూ దీన్ని తిట్టుకున్నాను."

ఎవరూ మాట్లాడలేదు. మాతో వచ్చే కుర్రాడు కొంచెం సేపాగి, "చిక్కుకోబట్టే దొరికారు మామ్మగారూ. మా తాతయ్య అసలు దొరకలేదండి" అన్నాడు.

ఆవిడ వాడి తల మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు.

ఇక్కడితో అంతా చక్కబడిందని రాస్తే అబద్ధం అవుతుంది. మా వారిది రొయ్యల మేత వ్యాపారం. మా ఇంటి అన్నం, పిల్లాడి ఫీజు, నేను రాస్తున్న ఈ ఫోనూ అన్నీ చెరువుల వల్లే. తిరిగొచ్చాక నేనేదో అనబోతే, "చెరువులు లేకపోతే ఈ జిల్లాలో సగం ఇళ్ళలో పొయ్యి వెలగదు" అన్నారు. అదీ నిజమే. నా దగ్గర జవాబు లేదు. అత్తగారే, "చెరువొద్దని ఎవరన్నార్రా? మడ కొట్టొద్దంటున్నాను" అన్నారు. కొడుకు తలొంచుకుని అన్నం కలుపుకున్నారు. మర్నాడు మాత్రం, వదిలేసిన చెరువుల్లో మడ మళ్ళీ ఎలా పెంచుతారని నన్నడిగారు. కుర్రాడు చెప్పింది చెప్పాను. చేప ముల్లులాగా నడుమ ఒక కాలవ, దానికి రెండు పక్కలా పిల్ల కాలవలు తవ్వుతారు. పోటు నీరు వాటిలోంచి వచ్చి పోతుంటే ఉప్పు తేరిన నేల మెత్తబడుతుంది, అప్పుడు గట్ల వెంట మొక్కలు నాటుతారు. ఆయన విని ఊఁ అన్నారు. ప్రస్తుతానికి అంతే.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. పొన్న చెట్టుకి గింజ చెట్టు మీదుండగానే మొలకెత్తుతుంది. పొడుగ్గా ములక్కాడలా వేలాడి, బలం వచ్చాకే రాలుతుంది. ఆ రోజు బాట మీద పడున్న ఒకటి అత్తగారు తీసి సంచీలో వేసుకోబోయారు, ఇంటి దగ్గర బకెట్లో పాతుదామని. అభయారణ్యంలోంచి ఆకు కూడా పట్టుకెళ్ళకూడదు మామ్మగారూ అన్నాడు కుర్రాడు. ఆవిడ రెయిలింగు మీదుగా దాన్ని బురదలోకి వదిలారు. నిలువునా దిగుతుందనుకుంటే అడ్డంగా పడింది. మా వాడు, "అయ్యో, పడిపోయింది మామ్మా" అన్నాడు.

"పడనీరా. పోటొస్తే అదే దాని చోటు వెతుక్కుంటుంది" అన్నారు.

మా వాడికి ఇప్పుడు ఆదివారం ట్యూషన్ పెట్టారు. నాలుగు నడకల తర్వాత వాడు మానేశాడు, మళ్ళీ ఫోనే. వాడి కోసం మొదలుపెట్టిన పని మా ఇద్దరికీ మిగిలింది. ఈ నెల నడక విదియ నాడు పడింది. పెరట్లో మెట్ల మీద అత్తగారి కాన్వాసు బూట్లు నిన్నటి నించీ ఎండలో ఉన్నాయి.