కొండ యెక్కని సముద్రము

ప్రధానోపాధ్యాయ పదవినుండి విరమించిన పిమ్మట నేను ఒక పాత వ్యానులో పుస్తకములు నింపుకొని చింతపల్లి ప్రాంతపు కొండపల్లెలలో తిరుగుచుంటిని. వ్యాను పైకప్పుమీద 100 వాట్ల సౌరఫలకము, లోపల 12 వోల్టుల బ్యాటరీ, ఎవరో దానమిచ్చిన ల్యాప్‌టాప్ ఉండెను. ల్యాప్‌టాప్ సొంత బ్యాటరీ ఏనాడో చెడినది; తీగ తగిలించిననే అది మేలుకొనును.

తెలుగు పండితుడనైన నాకు విద్యుత్తుతో చుట్టరికము తక్కువ. బ్యాటరీనుండి వచ్చు 12 వోల్టులను ఇన్వర్టరు అను పెట్టె 230 వోల్టులకు పెంచును. చార్జరు దానిని మరల 19 వోల్టులకు దించును. ప్రక్కింటికి పోవుటకు ఊరంతయు చుట్టి వచ్చినట్లే గదా! ఎక్కునప్పుడు కొంత, దిగునప్పుడు కొంత శక్తి వేడిగా మారి పోవును. అంతేకాదు, ఏ పనియు లేకున్నను, మీట వేసియున్నంతసేపు ఇన్వర్టరు తన మేత తాను మేయుచునే యుండును. ఈ సంగతి నేను ఆలస్యముగా నెరిగితిని.

ఒక డిసెంబరులో లంబసింగికి పైనున్న గూడెమునకు బయలుదేరితిమి. అచ్చటి పిల్లలు సముద్రమును చూచి యెరుగరు. తెరమీద చూపుదునని ముందుమాసమే మాట యిచ్చియుంటిని. దారిలో రెండు దినములు పొగమంచు విడువలేదు. ఫలకము ఇచ్చినది అత్యల్పము. అయినను దినమునకు నాలుగు గంటలు పాఠములు చూపితిని. గంటకు 50 వాట్-అవర్ల లెక్కన 400 ఖర్చయినవి. బ్యాటరీ పేరునకు 1,200 వాట్-అవర్లదే కాని, ముసలితనముచే సగమే నిలుపుచుండెను. మిగిలిన 200 సముద్రమునకు చాలును. ఆ రాత్రి నేను మీట ఆర్పుట మరచితిని. 15 వాట్లు, 13 గంటలు. లెక్క మీరే వేయుడు.

ఉదయమున పిల్లలు దుప్పట్లు కప్పుకొని వ్యాను చుట్టు మూగిరి. ఇన్వర్టరు ఒక్కసారి కీచుమని ఆరిపోయెను. "ఇంజను బ్యాటరీకి తగిలిద్దామా, మేష్టారూ?" అని డ్రైవరు అడిగెను. అదియు ఒట్టిపోయినచో కొండ దిగుట యెట్లు? వలదంటిని. ముందు నిలిచిన చిన్నపిల్ల, "ఈవేళ సముద్రం రాదా?" అనెను. ఇన్నేండ్ల ఉద్యోగములో అట్టి సిగ్గు నేనెరుగను. చిన్ననాడు భీమిలి తీరమున చూచిన అలలను నోటితోనే వర్ణించితిని. పిల్లలు మర్యాదకు తలలూపిరి.

పట్టణమునకు వచ్చి, 12 వోల్టులను నేరుగా 19కి పెంచు చిన్న పరికరమును తగిన ఫ్యూజుతో అమర్పించితిని. ముందే ఎవరైన చెప్పియుండిన బాగుండెడిది. క్రొత్త బ్యాటరీ పింఛనులో వచ్చినది.

సంక్రాంతి వెళ్ళిన పిమ్మట ఆ గూడెమునకే పోతిమి. ఈమారు సముద్రము వచ్చినది. పిల్లలు రెండుమార్లు చూచిరి. సాయంకాలము వ్యాను తలుపు మూయుచుండగా ఆ చిన్నపిల్ల దగ్గరకు వచ్చి, "మీట ఆపారా, మేష్టారూ?" అని అడిగెను. నేను మరల ఎక్కి చూచి దిగితిని.