ఉపచారమా, అపచారమా?

దేవతార్చనలో ఆవాహనం మొదలుకొని షోడశోపచారాలున్నాయి. ఆసనం, పాద్యం, స్నానం, వస్త్రం, నైవేద్యం మొదలైనవాటిలో ఏ ఒక్కటీ స్వామికి విన్నవించకుండా సమర్పించం. తిరుపతిలోని ఒక వృద్ధాశ్రమానికి ప్రతి ఆదివారం సేవకు వెళ్తున్న నాకు, వృద్ధసంరక్షణ సూత్రాలన్నీ ఈ అర్చనాక్రమంలోనే ఉన్నాయనిపిస్తుంది.

మాతాపితరులను దైవంగా భావించమని తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి ఆదేశించింది. ఆ భావన సత్యమైతే అది మన చేతుల్లో కనిపించాలి. ఆలయాల్లో నైవేద్యవేళ తెర వేస్తారు. మరి పది మంచాల నడుమ ఒక వృద్ధురాలికి వస్త్రం మార్చేటప్పుడు తెర అక్కరలేదా? మంచం పట్టినవారిని సుమారు రెండు గంటలకొకసారి ఒత్తిగిలజేయాలి. లేకుంటే నడుముకు, మడమలకు పుండ్లు పడతాయి. ఆహారాన్ని కూర్చోబెట్టి, చిన్న ముద్దలుగా, మింగేవరకు ఆగి పెట్టాలి. పడుకున్నవారి నోట పోస్తే అది శ్వాసనాళంలోకి పోవచ్చు. ఇవీ ఉపచారాలే.

అయితే ఒక భేదముంది. విగ్రహం ‘వద్దు’ అనదు, మనిషి అంటాడు. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అవ్వ తెల్లవారుజామున స్నానానికి లేపితే, “ఇప్పుడొద్దు నాయనా, పొద్దెక్కినాక పోసుకుంటా” అనేది. అందరూ దానిని మొండితనమన్నారు. నిదానంగా అడిగితే తెలిసింది: ఆ వేళ ఆమె కీళ్లు బిగుసుకొని, కదిపితే ప్రాణం పోయినంత బాధ. స్నానవేళను పది గంటలకు మార్చారు. ఆ తరువాత ఆమె ఏనాడూ వద్దనలేదు. బలవంతంగా చేసిన ఉపచారం అపచారమే.

జన్మదినాలనాడు మిఠాయిలతో వచ్చే దాతలనూ చూస్తుంటాను. మధుమేహం ఉన్నవారి చేతిలో లడ్డు పెట్టి ఛాయాచిత్రం తీసుకుంటారు. దేశకాలపాత్రాలెరిగి, ప్రత్యుపకారం కోరక ఇచ్చేదే సాత్త్వికదానమని గీత పదిహేడవ అధ్యాయం బోధిస్తుంది. అక్కడ పాత్రత అంటే ఎదుటివారి అవసరాన్ని ఎరగడం కూడా అని నా మనవి.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు వసతిగృహం నెలకొల్పవచ్చునని అది పేర్కొన్నది. చట్టం ఆశ్రయాన్ని కల్పించగలదు. ఆదరాన్ని మాత్రం మనమే తేవాలి.

సాధకులారా, వృద్ధాశ్రమానికి వెళ్లినప్పుడు ‘ఆరో మంచం ముసలాయన’ అనకండి. నామార్చన తెలిసిన మనం ఆయనను పేరుతో పిలిచి, “ఏం కావాలి పెద్దాయనా?” అని అడుగుదాం. సమాధానం వచ్చేదాకా ఆగుదాం.