పట్టేసిన షాఫ్టు

పాత మహీంద్రా జీపు ఎప్పుడైనా ఎక్కారా? గేరు రాడ్డు పక్కనే ఇంకో రెండు పొట్టి రాడ్లు ఉంటాయి. ఒకటి ముందు చక్రాలను కూడా పనిలోకి దించుతుంది. రెండోది లో గేరు వేస్తుంది. బురదలోనూ, ఇసుకలోనూ, ఏటి ఒడ్డు ఎక్కేటప్పుడూ వాటితోనే పని. అవి రెండూ కిందికి వెళ్లి కలిసేది గేరుబాక్సు వెనక వేలాడే ఓ పోత ఇనుప డబ్బాలో. దాన్నే ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. అమెరికా వాళ్ల యుద్ధకాలపు విల్లీస్ జీపు నుంచి వచ్చిన ఏర్పాటిది. 1947లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టాక మన ఊళ్లకీ చేరింది.

మా మామయ్యకు అలాంటి జీపు ఉండేది. బూర్గంపాడు వైపు ఊళ్లో మిర్చి బస్తాలు దానిమీదే వెళ్లేవి. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడవాళ్లూ దానిమీదే ఆస్పత్రికి వెళ్లేవాళ్లు. ఆయన పోయాక పశువుల పాకలో పెట్టారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిందే, అప్పుడు పాకతో పాటు జీపూ మునిగింది. నీళ్లు తీశాక ఎవరూ దాని వంక చూడలేదు.

ఎప్పటికో పాత ఇనుము కొనే అతను బేరానికి వచ్చాడు. ఇచ్చేయమని బావ, వద్దని అత్తయ్య. చివరికి ఆవిడే తేల్చేసింది. “కొత్తగూడెం తీసుకెళ్లి చూపించు. బాగవదంటే అమ్మేస్తా. ఇంక ఏడవను” అని నాతో చెప్పింది. ఇంజను మాట తర్వాత, ముందు ఆ డబ్బా సంగతి చూద్దామన్నాడు షెడ్డు మేస్త్రీ.

డ్రెయిన్ నట్టు విప్పితే ఆయిల్ రాలేదు. పాలు ఎక్కువైన టీలాంటిది వచ్చింది. నీళ్లూ గేరు ఆయిలూ కలిసిపోతే అలాగే అవుతుందట. ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే యోకు పుల్లరుతో వచ్చేసింది. రాడ్లు కాస్త సతాయించినా కదిలాయి. వాటి కింద స్ప్రింగులూ గుండ్లూ ఉంటాయి, లాగగానే ఎగిరిపోతాయని మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టి మరీ లాగాడు. అసలు చిక్కు మధ్య షాఫ్టు దగ్గర వచ్చింది.

ఇది బొటనవేలికంటే కాస్త లావుంటుంది. లో గేరుకు దారి చూపే పళ్లచక్రం, సూదుల్లాంటి రోలర్ల మీద, దీని చుట్టూ తిరుగుతుంది. వెనక చిన్న లాకు పలక తీసేసి, ముందు నుంచి కొడితే వెనక్కి రావాలి. రాలేదు. తుప్పుకు ఓ దుర్గుణం ఉంది. తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు తనే ఆక్రమిస్తుంది. సందే లేని చోట అది మేకులా బిగుస్తుంది.

కుర్రాడు పెద్ద సుత్తి అందుకోబోతే మేస్త్రీ కసిరాడు. “పోత ఇనుమురా, వంగదు. పగులుతుంది. కేసు పగిలితే మేడం వాళ్లత్తకు నువ్వు చెప్తావా?”

డీజిలూ ఆటోమేటిక్ గేరు ఆయిలూ కలిపి రెండు పూటలా అంచుల్లో చుక్కలు వేశాడు. అలా మూడు రోజులు. నాకు సెలవు రెండే రోజులు, ఇంకో రెండు అడుక్కున్నాను. అన్నట్టు, షెడ్డులో ఊరికే కూర్చోవడం కూడా ఒక పనే. టీలు తాగి తాగి నాలుక మొద్దుబారింది.

నాలుగో రోజు కేసును శుభ్రంగా తుడిచి, జిడ్డు లేదని చూసుకుని, గ్యాస్ మంట పెట్టాడు. షాఫ్టు మీద కాదు, దాన్ని పట్టుకున్న రంధ్రం చుట్టూ. ఒకేచోట ఆపకుండా గుండ్రంగా తిప్పుతూ. వేడెక్కిన రంధ్రం కాస్త పెద్దదవుతుంది. ఎంత? తర్వాత లెక్కేసి చూశాను. నూరు డిగ్రీలు వేడి పెరిగితే ఈ సైజు రంధ్రం మిల్లీమీటరులో నూటికి మూడో వంతు సాగుతుంది. తల వెంట్రుక మందం కూడా ఉండదు! మేస్త్రీ లెక్కలు వేయలేదు. వేలు తడిపి నీటి చుక్క విదిలించాడు. చుయ్‌మంది. మంట పక్కన పెట్టి, ఇత్తడి కడ్డీ ఆనించి చిన్న సుత్తితో కొట్టాడు. ఉక్కు కడ్డీ అయితే షాఫ్టు తల పుట్టగొడుగులా విచ్చుకుని ఇంకా బిగుస్తుందట.

టంగ్. టంగ్. గుళ్లో గంటలా అదే మోత. మళ్లీ వేడి, మళ్లీ దెబ్బలు. అలా ఎంతసేపు గడిచిందో, ఉన్నట్టుండి చప్పుడు మారింది. టంగ్ కాదు, టుక్. అప్పటికి కంటికేమీ కనిపించలేదు. మేస్త్రీ మాత్రం సుత్తి ఆపి నావైపు చూసి, “ఫోన్ చేసుకోండి మేడం” అన్నాడు.

అత్తయ్య మొదట అడిగింది ఒకటే. “పగల్లేదుగా?”

పగల్లేదు. షాఫ్టు మాత్రం రోలర్లు తిరిగిన చోట గాడి పడి, తుప్పు చారలతో బయటికొచ్చింది. కొత్త షాఫ్టు, కొత్త రోలర్లు, ఆయిల్ సీళ్లు వేశారు. ఇంజను పనికి ఇంకో నెల పట్టింది. ఖర్చు గురించి బావ ఇప్పటికీ ఏదో ఒకటి అంటూనే ఉంటాడు.

జీపు ఇంటికి చేరిన వారానికి పాత ఇనుము అతను మళ్లీ వచ్చాడట. అత్తయ్య ఆ పాత షాఫ్టు తెచ్చి అతని తక్కెట్లో పెట్టింది.