ముప్ఫై దాటింది!

మా ఇంట్లో ఒక మోరిస్ మైనరు కారుంది. "ఉంది" అంటే మా ఆవిడ ఒప్పుకోదు, "పడి ఉంది" అనాలంటుంది. 1955 నాటి బండి. నాన్నగారు 1968లో సెకండ్ హ్యాండులో కొన్నారు. 1994లో ఆయన పోయాక కాకినాడలో మా పెంకుటింటి పక్క షెడ్డులో అలాగే ఉండిపోయింది. 2018లో నేను బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై వచ్చి, ఊరికే కూర్చోలేక దాని మీద పడ్డాను.

ఇంజను ఆర్నెల్లు ఏడిపించి ఎలాగో పలికింది. బ్రేకులు కుదిరాయి. ఇహ మిగిలింది స్పీడోమీటరొక్కటే. ఆ కారుకు డాష్‌బోర్డు నడిమధ్య పళ్ళెంలాంటి గుండ్రటి మీటరు ఉంటుంది. నడిపేవారికి ఎంత బాగా కనిపిస్తుందో, పక్కన కూర్చున్నవారికీ అంత బాగానూ కనిపిస్తుంది. మా ఇంట్లో తగువంతా దానివల్లే వచ్చింది.

అమ్మకి వేగమంటే ప్రాణభయం. కారెక్కింది మొదలు ఆ ముల్లు మీంచి చూపు తిప్పేది కాదు. "ముప్ఫై దాటింది!" అనేది. నాన్నగారు కాలు సడలించేవారు. కాసేపటికి మళ్ళీ, "ముప్ఫై దాటింది!" వెనక సీట్లో నేనూ చెల్లాయీ వేళ్ళమీద లెక్కపెట్టేవాళ్ళం. ఒకసారి ద్రాక్షారామం వెళ్ళొచ్చేసరికి పందొమ్మిది సార్లయింది. ముప్ఫై మైళ్ళంటే నలభై ఎనిమిది కిలోమీటర్లు. ఇవాళ మా మనవరాలు స్కూటరు మీద అంతకన్న జోరుగా వెళ్తోంది!

ఊరంతా గాలించి, పాత మీటర్లు బాగుచేసే ఒక ముసలి మేస్త్రీని పట్టుకున్నాను. ఆయన మీటరు విప్పి నాకు పాఠం చెప్పాడు. కారు కదిలితే గేరుబాక్సు దగ్గరనుంచి గొట్టంలో ఒక తీగ గిర్రున తిరుగుతుంది. దాని పైకొసన, మీటరులో, ఒక అయస్కాంతం. ఆ పక్కనే చిన్న అల్యూమినియం గిన్నె. ముల్లు ఉండేది ఆ గిన్నెకే. రెండూ ఒకదాన్నొకటి తాకవు. అయినా అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో విద్యుత్తు సుళ్ళు పుట్టి, అదీ దాని వెంట పోబోతుంది. వెంట్రుకలాంటి స్ప్రింగు ఒకటి పోనివ్వక వెనక్కి లాగుతుంది. రెండు లాగుళ్ళూ సరిపోయిన చోట ముల్లు నిలుస్తుంది. జర్మనీలో ఓటో షుల్జె 1902లో పేటెంటు తీసుకున్న ఉపాయమిది. వింటూంటే నాకు నాన్నగారి కాలూ, అమ్మ కేకా గుర్తొచ్చాయి.

జబ్బేమిటంటే, మేలు చేస్తుందనుకుని ఎవరో ఆ తీగకు గ్రీజు దిట్టంగా పట్టించారు. అది తీగ వెంట పైకి పాకి, మీటరులో చేరి, ఎండి మైనంలా బిగుసుకుంది. పైన ఇరుసు కదలక కింద తీగ పుటుక్కున తెగింది. ముల్లు సున్నా మీదా, మైళ్ళ అంకెలు 48,317 దగ్గరా ఆగిపోయాయి. మేస్త్రీ అంతా పెట్రోలుతో కడిగి, ఇరుసుకు ఒక్క చుక్క నూనె వేశాడు. కొత్త తీగకు పై నాలుగైదంగుళాలు వదిలేసి పల్చగా గ్రీజు రాశాడు. స్ప్రింగు జోలికి మాత్రం పోలేదు. అది వంకరపోతే ఇహ ముల్లు మాట నమ్మడానికి లేదట.

బిగించబోతూ ఆగి, "బాబుగారూ, ఈ అంకెలు ఎంతలో పెట్టమంటారు? సున్నా చేసేస్తే కొత్తబండిలా ఉంటుంది" అన్నాడు.

నాకు నాన్నగారి పెట్రోలు లెక్కల పుస్తకం జ్ఞాపకం వచ్చింది. ఇంటికెళ్ళి తీశాను. పెట్రోలు పోయించిన ప్రతిసారీ తేదీ, లీటర్లు, మైళ్ళు రాసేవారు. 1991 డిసెంబరు నుంచి చివరిదాకా మైళ్ళ గడిలో ప్రతిసారీ 48,317 అనే ఉంది! మీటరు చెప్పిందే రాయాలి గాని ఊహించి రాయకూడదనుకున్నారు కాబోలు. అప్పట్నుంచి పోయించిన పెట్రోలు 297 లీటర్లు. బండి లీటరుకు ఎనిమిది మైళ్ళిచ్చేది. అంటే 2,376 మైళ్ళు లెక్కలోకి రాలేదన్నమాట. అవి కలిపి 50,693 పెట్టించడం న్యాయమనిపించింది. ఆ మాటే అమ్మతో అన్నాను.

అమ్మ ఎనభై నాలుగేళ్ళ మనిషి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విని, "కలపొద్దురా" అంది.

"అదేమిటమ్మా? నాన్నగారు నడిపిన మైళ్ళేగా!"

"నడిపారు. మీరిద్దరూ ఉద్యోగాలకనీ, అత్తవారింటికనీ వెళ్ళిపోయారు. మేమిద్దరమే అన్నవరం, సామర్లకోట తిరిగేవాళ్ళం. మీటరు బాగుచేయించమని నేనెంత పోరినా, 'చూడవే, ముల్లు సున్నా దాటలేదు, ఇంకేం భయం?' అనేవారు. చూడ్డానికి ముల్లు లేకపోయేసరికి అప్పుడు బయటికి చూశానురా. ఇరవై మూడేళ్ళు కారెక్కానేగాని, ఆ దారిలో కాలవుందనీ, కాలవ గట్టున అన్ని కొబ్బరిచెట్లున్నాయనీ అప్పుడే తెలిసింది నాకు. వాటికి లెక్కలెందుకు?"

నేనేమీ మాట్లాడలేదు. మేస్త్రీతో అంకెలు కదపొద్దని చెప్పాను.

ఆదివారం అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని సామర్లకోట రోడ్డెక్కాను. ముల్లు వణక్కుండా మెల్లిగా లేచింది. కాసేపటికి 48,318 పడింది. నాకు సంతోషం పట్టలేక, "అమ్మా, చూశావా, ముప్ఫై దాటింది!" అన్నాను.

అమ్మ ఇటు తిరగలేదు. కాలవవైపు చూస్తూ, "దాని సంగతి నువ్వు చూసుకో" అంది.