గడ్డిఅన్నారంలో గోరుముద్దలు

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 1986లో వచ్చింది. నాకు ఊహ తెలిసేనాటికి మా వాడ బతుకంతా దాని చుట్టే తిరిగేది. తెల్లారకముందే నల్లగొండ బత్తాయి లారీలు దిగేవి. ఎండాకాలమైతే మామిడిపండ్ల వాసన ఇళ్లలోకే వచ్చేది. పాలమూరు నుంచి వలస వచ్చినవాళ్లలో మగవాళ్లు హమాలీ పనికి పోతే, ఆడవాళ్లు కాయలు ఏరి, ఎండుగడ్డి పరిచి పెట్టెల్లో సర్దేవారు. చంటిపిల్లలు ఆ పక్కనే గోనెసంచుల మీద నిద్రపోయేవారు. చుట్టూ పండ్ల గుట్టలు, ఆ పిల్లల ఒంట్లో మాత్రం కండ ఉండేది కాదు.

మా సందు చివర ఒంటిగది అద్దె ఇంట్లో అంగన్‌వాడీ నడిచేది. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైందని పెద్దయ్యాక చదువుకున్నాను. మాకు తెలిసిందల్లా టీచరమ్మే. దూలానికి గడియారం లాంటి గుండ్రటి తూకం వేలాడేది, దాని కొక్కేనికి గుడ్డ లాగు. అందులో కాళ్లు దూర్చి వదలగానే పిల్ల కేర్‌మనేది. ముల్లు ఆగేదాకా టీచరమ్మ కళ్లు దాని మీదే. ఆ బరువును కార్డు మీద చుక్కగా పెట్టి, పోయిన నెల చుక్కతో గీత కలిపి తల్లికి చూపేది. గీత పైకి పోతే సరే. అడ్డంగా పోయిందంటే మర్నాడు ఆమె ఆ ఇంటి గడప తొక్కాల్సిందే.

ఆమె ఎక్కువగా పోరాడింది బత్తాయి రసంతో. దెబ్బతిన్న కాయలు ఊరికే దొరికేవి కనుక నెలల పసికందుకు కూడా నీళ్లు కలిపి పట్టేవారు. "సలువ జేస్తది బిడ్డా" అనేవాళ్లు ముసలమ్మలు. "పెద్దమ్మా, దూప అయినా ఆకలైనా తల్లిపాలే సాలు" అని ఈమె. ముర్రుపాలు పిండి పారబోయొద్దని కాన్పుకు ముందే చెప్పి వచ్చేది. అప్పట్లో ఉత్త తల్లిపాలు నాలుగు నుంచి ఆరు నెలలు అనేవారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిండా ఆరు నెలలని తేల్చింది.

ఆ తర్వాతే అసలు కష్టం. తల్లి చీకటితో మార్కెట్‌కు పోతే చంటిదానికి ఎవరు తినిపించాలి? ఏడెనిమిదేళ్ల అక్క. అలాంటి అక్కలు చంకలో పిల్లతోనే మాతో ఆడుకునేవారు. టీచరమ్మ వాళ్లనూ కూర్చోబెట్టి నేర్పింది. ముందు చేతులు సబ్బుతో కడగాలి. అన్నం, పప్పు మెత్తగా పిసకాలి, నీళ్లలా జారకూడదు, వేలికి అంటుకోవాలి. పైన కాస్త నూనె. పొట్ట చిన్నది కనుక కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన 'హైదరాబాద్ మిక్స్' అనే పిల్లల పిండి కూడా కిరాణా కొట్టు సరుకే. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీలు 10, బెల్లం 20. ఇంతలోనే 330 క్యాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. అయితే ఇలాంటి పిండి ఏదైనా ఇంటికి చేరితే పెద్దపిల్లలందరికీ తలా పిడికెడు పోయేది, ఎవరి కోసం ఇచ్చారో ఆ బిడ్డకు మిగిలేది తక్కువ. అందుకే టీచరమ్మ తన కళ్లముందే తినిపించమనేది. నన్నడిగితే, పొట్లం చేసేది సగం పనే. మిగతా సగం ఇంటింటికీ తిరిగే ఆ మనిషిది. ఆమెకు దక్కేది మాత్రం జీతం కాదు, గౌరవ వేతనం. ఇది అన్యాయమని అప్పుడు తెలియదు, ఇప్పుడు గట్టిగా అంటున్నాను.

మార్కెట్ 2021లో బాటసింగారానికి తరలిపోయింది. ఆ స్థలంలో పెద్దాసుపత్రికి 2022లో శంకుస్థాపన చేశారు. మా వాడంతా అపార్టుమెంట్లయింది. వలస తల్లులు ఇప్పుడూ ఉన్నారు, సెల్లార్లలో, కడుతున్న భవనాల దగ్గర. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా నెలకు రెండున్నర కిలోల బాలామృతం పిండి ఇవ్వాలి. మీ వాచ్‌మన్ ఇంట్లో పసిబిడ్డ ఉంటే, దగ్గరి కేంద్రంలో పేరు రాయించారా అని అడగండి. లేదంటే వెంటబెట్టుకుని వెళ్లి రాయించండి.